అమెరికా తొలినాళ్ల చరిత్రకు ప్రాజెక్టులు: న్యూజెర్సీ తరగతి గదిలో నిలిచినవి, విఫలమైనవి

ఈ సెప్టెంబరు నుంచి న్యూజెర్సీలో ఎనిమిదో తరగతికి సోషల్ స్టడీస్ చెప్పబోతున్నారనీ, 1765 నుంచి 1791 వరకు ఉన్న భాగాన్ని ప్రాజెక్టులతో నడపాలనుకుంటున్నారనీ, వెతికితే దొరికే ఆలోచనలన్నీ అట్టలు కత్తిరించి అతికించడం దగ్గరే ఆగిపోతున్నాయనీ మీరు రాశారు. నేను ఇదే రాష్ట్రంలో ఇదే తరగతికి పదకొండేళ్లుగా ఈ భాగం చెబుతున్నాను. అంతకు ముందు ఆరేళ్లు గుంటూరులో హైస్కూలు సోషల్ టీచరుగా పనిచేశాను. కనుక ఈ దేశపు చరిత్రను పెద్దయ్యాక నేర్చుకుని పిల్లలకు చెప్పవలసి రావడంలోని ఇబ్బంది నాకు తెలుసు. నా అనుభవంలో పనికొచ్చిన ప్రాజెక్టులన్నిటిలోనూ పిల్లలు ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పలేదు, ఆ నిర్ణయానికి ఆధారాన్ని ఆనాటి కాగితాల్లో వెతుక్కోకా తప్పలేదు. ఈ రెండూ లేనివి చూడటానికి బాగున్నాయి, అంతే.

మొదటి ఏడాది నేనూ అందరిలాగే స్వాతంత్ర్య ప్రకటనను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం మీద ఈక కలంతో రాయించాను. కొందరు అంచులు కొవ్వొత్తితో కాల్చి మరీ తెచ్చారు, వారం రోజులు గదంతా డికాక్షన్ వాసన వేసింది. తీరా పరీక్షలో, ఆ ప్రకటన బ్రిటిష్ రాజు మీద మోపిన ఆరోపణల్లో ఏవైనా రెండు రాయమంటే, సగం మంది ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేశారు. అక్షరాలు చూసి దించే చేతికి అర్థంతో పని పడలేదు.

దానికంటే పెద్ద పొరపాటు పన్నుల ఆట. దాన్ని మీరు ఇప్పటికే చూసి ఉంటారు: ఒక పిల్లవాణ్ణి రాజును చేసి, మిగిలిన వారికి తలా పది చాక్లెట్లు పంచి, నీళ్లు తాగడానికి వెళితే ఒకటి, పెన్సిలు చెక్కుకుంటే రెండు అని లాక్కోవడం. పిల్లలకు కోపం వస్తుంది, టీచరుకు పాఠం పండినట్టు అనిపిస్తుంది. కానీ ఆ ఆటతో వారు నేర్చుకునేది పన్నులు భరించలేనంతగా పెరగడం వల్ల విప్లవం వచ్చిందని. అది నిజం కాదు. బ్రిటన్‌లో నివసించేవారితో పోలిస్తే అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల్లోని వారు కట్టే పన్ను చాలా తక్కువ. 1773 నాటి తేయాకు చట్టం వల్ల ఈస్ట్ ఇండియా కంపెనీ తేయాకు ధర పెరగలేదు, తగ్గింది. పాత సుంకం, పౌనుకు మూడు పెన్నీలు, మాత్రం అలాగే ఉంది. గొడవంతా ఆ మూడు పెన్నీలు విధించే అధికారం ఎవరిదన్న దాని మీదే.

అందుకే ఆట మార్చాను. తరగతి ముందుగా తన సంఘాన్ని ఎన్నుకుంటుంది. ఆ సంఘం చర్చించి, నెలాఖరు విందు కోసం తలకు నాలుగు టోకెన్లు పన్ను వేస్తుంది. గొణుక్కుంటూనే అందరూ కడతారు. మర్నాడు పక్క సెక్షన్ సంఘం నుంచి ఒక నోటీసు వస్తుంది: మీ తరగతి వారు ఇకపై వాడే ప్రతి వర్క్‌షీటు మీద మా ముద్ర ఉండాలి, ముద్రకు ఒక టోకెను. నాలుగు టోకెన్లు కట్టినవారు ఆ ఒక్కదానికి మండిపడతారు. ఎందుకని అడిగితే, వారు చెప్పే కారణాలు 1765లో స్టాంపు చట్టాన్ని వ్యతిరేకిస్తూ వలసల చట్టసభలు చేసిన తీర్మానాలకు దగ్గరగా ఉంటాయి. ఆ తీర్మానాలను అప్పుడు చేతికిస్తే, తమ మాటలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ చదువుతారు. ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి స్టాంపు కాగితాలు కొన్న మనకు ఆ చట్టం కొత్తదేమీ కాదు. దస్తావేజులతో పాటు పత్రికలు, పంచాంగాలు, పేకముక్కలకు కూడా ముద్ర కాగితం తప్పనిసరి చేశారని చెబితే చాలు.

ఇక్కడే ఒక పక్క మాట. నా తరగతిలో తెలుగు పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉంటారు, ఈ కథతో తమకు సంబంధం లేదనుకుంటారు. 1765 మార్చిలో పార్లమెంటు స్టాంపు చట్టం చేస్తే, అదే ఏడాది ఆగస్టులో ఈస్ట్ ఇండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి తెలుగు తీరప్రాంతమైన ఉత్తర సర్కారులకు ఫర్మానా పుచ్చుకుంది. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో నీళ్లపాలైన 342 పెట్టెల తేయాకు ఆ కంపెనీదే, చైనా నుంచి తెచ్చింది. పటంలో ఒక వేలు బోస్టన్ మీద, ఇంకో వేలు మచిలీపట్నం మీద పెట్టించి ఈ మాట చెప్పినప్పుడు, తెలుగు పిల్లలే కాదు, మిగిలినవారూ పటం మీదికి వంగి చూస్తారు.

బోస్టన్ కాల్పుల పాఠాన్ని నేను కేసు విచారణగా చేస్తాను. 1770 మార్చి 5 రాత్రి బ్రిటిష్ సైనికులు జనం మీద జరిపిన కాల్పుల వల్ల ఐదుగురు చనిపోయారు. బోస్టన్ వెండిపనివాడు పాల్ రివీర్ చెక్కిన బొమ్మను మొదట పది నిమిషాలు చూడనిచ్చి, చూసినవన్నీ రాయిస్తాను: వరుసగా నిలబడిన సైనికులు, వెనక కత్తి ఎత్తిన అధికారి, ఎదుట నిరాయుధులైన జనం, కస్టమ్స్ భవనం మీద ‘కసాయి శాల’ అని అర్థమిచ్చే బోర్డు. ఆ తరువాత ఆ సైనికుల అధికారి కెప్టెన్ ప్రెస్టన్ వాంగ్మూలం, ఒకదానికొకటి పొసగని నలుగురు సాక్షుల మాటలు ఇస్తాను. జట్లుగా కూర్చుని, బొమ్మలోని ఒక్కొక్క అంశానికి ఏ సాక్ష్యం బలాన్నిస్తోంది, ఏది కాదంటోంది అని గుర్తులు పెట్టి, చివరకు తామే తీర్పు రాయాలి. అసలు తీర్పు అప్పటిదాకా చెప్పకండి. బ్రిటిష్ సైనికుల తరఫున వాదించినది, తరువాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ అనీ, ప్రెస్టన్‌తో పాటు ఆరుగురు సైనికులు నిర్దోషులుగా విడుదలయ్యారనీ, మిగిలిన ఇద్దరికి బొటనవేలి మీద వాత పెట్టి వదిలారనీ చివరి ఐదు నిమిషాల్లో తెలిస్తే కలిగే ఆశ్చర్యం, ముందే తెలిస్తే కలగదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేను ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభకు ఇస్తాను, ఐదు పీరియడ్లు. 1787 మే 25న మొదలై సెప్టెంబరు 17న ముగిసిన ఆ సభకు 55 మంది హాజరయ్యారు, 39 మంది సంతకం చేశారు. తరగతిని రాష్ట్రాల జట్లుగా విడగొట్టి, ఒక్కొక్క జట్టుకు ఒక కార్డు ఇస్తాను. అందులో జనాభా, అప్పులు, రేవులు, బానిసత్వం ఏ మేరకు ఉన్నదీ, సొంత చట్టసభ ఇచ్చిన ఆదేశాలూ ఉంటాయి. డెలావేర్ కార్డు మీద, రాష్ట్రానికొక ఓటు అన్న నియమాన్ని వదులుకోవడానికి మీకు అధికారం లేదు అని ఉంటుంది. ఆ రాష్ట్రం తన ప్రతినిధులను నిజంగా అలాగే కట్టడి చేసి పంపింది. జట్టు సభ్యులు సమానంగా చీలితే ఆ రాష్ట్రం ఓటు లెక్కలోకి రాదు. తలుపులు, కిటికీలు మూసేస్తాం. లోపలి చర్చను ఇంట్లో కూడా చెప్పకూడదన్నది నియమం. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు గనక ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, తరగతిలో అందరి ముందు మాట్లాడటానికి బెదిరే ఇద్దరు పిల్లలకు రోడ్ ఐలండ్ పత్రికను అప్పగిస్తాను. మేమెందుకు రావడం లేదో వారు రోజుకొక సంపాదకీయం రాసి తలుపు బయట అంటిస్తారు. ఏటా అత్యుత్తమమైన రాత ఆ ఇద్దరి నుంచే వస్తోంది.

నాలుగేళ్ల కిందట ఒక సెక్షన్‌లో సభ విఫలమైంది. డెలావేర్ జట్టులోని అమ్మాయి తన కార్డు చూపించి, నాకు అధికారమే లేదని చెప్పి లేచిపోయింది, ఆమె వెనకే న్యూజెర్సీ కూడా. జనాభాను బట్టే ఓట్లుండాలన్న పెద్ద రాష్ట్రాల వాళ్లు దిగిరాలేదు. రాజీ కుదర్చమని పిల్లలు నా వైపు చూశారు, నేను కదలలేదు. మర్నాడు ఒకటే పని ఇచ్చాను: అప్పటిదాకా అమల్లో ఉన్న తొలి రాజ్యాంగమైన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ కిందే దేశం కొనసాగితే, పన్ను వేసే అధికారం లేని కాంగ్రెస్ సైనికుల జీతాల బకాయిలను ఎలా తీరుస్తుందో, మసాచుసెట్స్‌లో అప్పుల్లో మునిగిన రైతులు లేచిన షేస్ తిరుగుబాటు లాంటిది మళ్లీ వస్తే ఏం చేస్తుందో రాయండి. ఆ తరువాతే, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమాన ఓటు ఇచ్చే రాజీ మీద 1787 జులై 16న పడిన అసలు ఓట్ల లెక్క బోర్డు మీద రాశాను: అనుకూలం ఐదు, వ్యతిరేకం నాలుగు, మసాచుసెట్స్ రెండుగా చీలింది, న్యూయార్క్‌కు ఓటు వేసేందుకు చాలినంత మంది లేరు. ఒక్క ఓటుతో నిలిచిన సెనేట్‌ను, తమ సభ కూలిపోయిన ఆ సెక్షన్ అర్థం చేసుకున్నట్టుగా మరే సెక్షనూ అర్థం చేసుకోలేదు. కాబట్టి సభ విఫలమైతే కంగారు పడకండి, కలగజేసుకోకండి.

మనలాంటి వాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. రాజ్యసభ పోలికతో సెనేట్‌ను ఊహించుకుంటాం. రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలు, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు ఒకటి. అక్కడ జనాభా లెక్క ఉంది. ఇక్కడ చిన్నా పెద్దా లేకుండా ప్రతి రాష్ట్రానికీ రెండే. నేను మొదటి ఏడాది ఈ తేడాను తేలిగ్గా దాటేసి, ఒక పిల్లవాడి ప్రశ్నకు తప్పు జవాబు చెప్పి, మర్నాడు సరిదిద్దుకోవలసి వచ్చింది.

బానిసత్వం విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: బానిసలుగా పిల్లల చేత నటింపజేయకండి, వేలం పాటలు, ఓడ ప్రయాణాలు వేషాలుగా వేయించకండి. ఆ బాధను ఆటగా మార్చడం తప్పు, పైగా గదిలో కొందరు పిల్లలకు అది తమ పూర్వీకుల కథ. మూడు వంతుల్లో ఐదు అన్నట్టు పిల్లలు తలకిందులుగా గుర్తుపెట్టుకునే ఆ ఐదింట మూడు వంతుల నిబంధనను, అంటే ఒక రాష్ట్రానికి కాంగ్రెస్‌లో ఎన్ని స్థానాలో తేల్చేటప్పుడు బానిసల్లో ఐదింట మూడు వంతుల మందిని లెక్కలో కలపాలన్నదాన్ని, నేను లెక్కల ప్రాజెక్టుగా చేయిస్తాను. 1790 జనాభా లెక్కల ప్రకారం వర్జీనియాలో మొత్తం 7,47,610 మంది, వారిలో బానిసలు 2,92,627. పెన్సిల్వేనియాలో మొత్తం 4,34,373, బానిసలు 3,737. స్వేచ్ఛగా ఉన్నవారినే లెక్కపెడితే రెండు రాష్ట్రాల మధ్య తేడా దాదాపు 24 వేలు. ఐదింట మూడు వంతులు కలిపితే తేడా సుమారు 1,98,000. ఈ అంకెలతో పట్టీలు గీసి, ఆ అదనపు స్థానాలు ఎవరి చేతికి వెళ్లాయో రాయమంటాను. బానిసలను పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది వారికి ఓటు ఇవ్వని రాష్ట్రాలే అన్న సంగతి పిల్లలకు ఉపన్యాసంతో ఎక్కదు, తాము గీసిన పట్టీ చూసినప్పుడు ఎక్కుతుంది.

మీరు న్యూజెర్సీలో ఉన్నారు గనక ఇంకొకటి వదలకండి. ఈ రాష్ట్రపు 1776 రాజ్యాంగం, యాభై పౌండ్ల ఆస్తి ఉన్న వయోజన నివాసులందరికీ ఓటు ఇచ్చింది. పురుషులకే అని రాయలేదు. ఆస్తిగల వితంతువులు, పెళ్లికాని స్త్రీలు, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారు ఇక్కడ ఓటు వేశారు. పెళ్లైన స్త్రీ ఆస్తి చట్టరీత్యా భర్తది కాబట్టి ఆమెకు ఓటు లేదు. 1807లో కొత్త చట్టం ఓటును పన్ను కట్టే తెల్లజాతి పురుష పౌరులకు పరిమితం చేసింది. నేను ఇరవై కార్డుల మీద ఇరవై మంది వివరాలు రాసి, 1776 వాక్యం చదివి, ఎవరికి ఓటుందో బోర్డు మీద పేర్చమంటాను. తరువాత 1807 వాక్యం చదువుతాను. పిల్లలే లేచి కొన్ని కార్డులను పక్కకు జరపాలి. హక్కులు కాలంతో పెరుగుతూనే పోతాయన్న నమ్మకం ఆ రోజు కాస్త కదులుతుంది.

హక్కుల బిల్లుకు నేను ఎక్కువ సమయం ఇవ్వను. కాంగ్రెస్ 1789లో రాష్ట్రాలకు పన్నెండు రాజ్యాంగ సవరణలు పంపితే 1791 నాటికి పది ఆమోదం పొందాయి. మిగిలిన రెండింటిలో ఒకటి, కాంగ్రెస్ సభ్యుల జీతాల గురించినది, 1992లో ఇరవై ఏడో సవరణగా చేరింది. దాన్ని ఇంకా ఆమోదించవచ్చని వాదిస్తూ 1982లో టెక్సస్ విద్యార్థి ఒకరు రాసిన వ్యాసానికి సీ గ్రేడు వచ్చిందని చెబితే, మార్కుల గొడవ మీద తరగతి పది నిమిషాలు ఊగిపోతుంది. ఊగనివ్వండి.

మార్కుల మాట వచ్చింది గనక: అందానికి నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను. ఇంట్లో నాన్న రాత్రి పన్నెండు దాకా కూర్చుని తయారు చేసిన మూడు మడతల ట్రైఫోల్డ్ బోర్డును, ముఖ్యంగా మనవాళ్ల ఇళ్లలో, మీరు చూడగానే గుర్తుపడతారు. అందుకే పని అంతా తరగతి గదిలోనే చేయిస్తాను. ప్రతి ప్రాజెక్టు చివర ఒక పేజీ రాయాలి: ఏ నిర్ణయం తీసుకున్నావు, ఏ కాగితంలోని ఏ వాక్యం దానికి ఆధారం, ఎదుటి జట్టు వాదనలో నీకు జవాబు దొరకనిది ఏది. నూటికి డెబ్బై మార్కులు ఆ పేజీకే.

సెప్టెంబరు 17 రాజ్యాంగ దినం. కేంద్ర నిధులు అందుకునే ప్రతి బడీ ఆ సందర్భంగా ఏదో ఒక పాఠం చెప్పాలి. అప్పటికి మీరు సిలబస్‌లో ఫిలడెల్ఫియా దాకా రాలేరు, సభను హడావుడిగా ముందుకు తేకండి. ఆ రోజుకు ఓటు కార్డులు సరిపోతాయి, ఒక్క పీరియడ్‌లో అయిపోతాయి. కార్డులు మాత్రం గట్టి అట్ట మీద ప్రింటు తీయించండి. ఐదు సెక్షన్ల చేతులు మారేసరికి మామూలు కాగితం నలిగి పోగులవుతుంది.