ముందు చెప్పించండి, తర్వాత రాయించండి
అక్కా, మీ బాబు నాలుగో తరగతని, కథ రాయమంటే రెండు లైన్లకే పెన్సిల్ పడేస్తున్నాడని రాశారు. టెన్షన్ పడకండి. మాదీ కర్నూలే, మా పాపా అంతే చేసేది. ఒక ఆదివారం కొండారెడ్డి బురుజు చూపించి, "రాత్రిపూట దీని మీద ఎవరుంటారు?" అని అడిగాను. గబ్బిలం కాపలా ఉంటుందంది. ఇంటికొచ్చాక తను చెబుతుంటే పాత నోట్‌బుక్‌లో ఒక్క మాటా మార్చకుండా రాశాను. మర్నాడు అది చదువుకుని మిగతా కథ తనే రాసింది, గబ్బిలానికి ఉగ్గాని కూడా పెట్టింది! రోజుకు 10 నిమిషాలు చాలు. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం అప్పటికప్పుడు దిద్దకండి. ఎర్ర పెన్ను చూస్తే పిల్లలు తప్పు రాదని తెలిసిన మాటలే రాస్తారు. రాసింది రాత్రి అన్నాల దగ్గర వాళ్ల తాతకు చదివి వినిపించమనండి.