తాతగారి బండికి కిక్ కొట్టే ముందు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. షెడ్డులో ఏడేళ్లుగా పడున్న తాతగారి బండిని నువ్వే స్టార్ట్ చేస్తానని పట్టుబట్టావట, మెకానిక్‌ని పిలవనివ్వడం లేదట. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మా ఇంట్లో ఆ బండి మీద ఇంత ప్రేమ ఇంకొకరికి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి లైటు వేసుకుని ఇది రాస్తున్నాను.

ఇంకా కిక్ కొట్టలేదు కదా? కొట్టకు. ఏడేళ్లు కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు బోరుకి, అంటే పిస్టన్ కదిలే గొట్టం లోపలి గోడకి, తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. బలమంతా పెట్టి తొక్కితే రింగు విరుగుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి అలా వదిలెయ్. మర్నాడు టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించు. ఇంజిన్ కదిలితే సరే, లేకపోతే మళ్లీ కాస్త ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగు. తొందరేమీ లేదు, అది ఏడేళ్లు ఆగిన బండి.

ఇంజిన్ ఆయిల్ మార్చు. టైర్లలో గాలి, బ్రేకులు తర్వాత చూసుకోవచ్చు.

ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే చుక్క కూడా మిగల్చకు. మూత తీసి వాసన చూస్తే నీకే తెలుస్తుంది, వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఉంటుంది. దాంతో ఇంజిన్ సరిగ్గా నడవదు, కానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది. దాన్ని ఆరుబయట, మూత ఉన్న ఇనప డబ్బాలోకి దించు, ప్లాస్టిక్ బకెట్‌లోకి కాదు. టార్చి వేసి ట్యాంకు లోపల తుప్పు ఉందేమో చూడు. తర్వాత కార్బొరేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం, విప్పు. అడుగున కప్పులాంటి భాగంలో పాత పెట్రోలు ఎండిపోయి పచ్చటి జిగురులా పేరుకుని ఉంటుంది. అదే చిన్న జెట్టును, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రమున్న ముక్కను, మూసేస్తుంది. ఆ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పిన్నీసు పెట్టి పొడిచావంటే రంధ్రం పెద్దదైపోతుంది, ఇక ఆ జెట్టుతో బండి యాక్సిలరేటర్ వదిలితే ఐడిల్‌లో నిలవదు, ఆగిపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు. అవతలి వెలుగు గుండ్రటి చుక్కలా కనిపించేదాకా మళ్లీ మళ్లీ చెయ్. నీకు ఓపిక తక్కువ, చిన్నప్పుడు చిక్కుపడ్డ దారాన్ని విప్పకుండా కత్తిరించేదానివి. ఇక్కడ అలా కుదరదు తల్లీ.

ఇక కరెంటు సంగతి. ఆ బండికి ప్లగ్గులో కరెంటు బ్యాటరీ నుంచే రావాలి, కాబట్టి బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఎంత కిక్ కొట్టినా, నలుగురు కలిసి తోసినా లాభం లేదు. అది 6 వోల్టుల బండి. కొత్త బ్యాటరీ నిండా చార్జ్ అయ్యాక మీటరు పెడితే 6.3 దాకా చూపించాలి. దొరకలేదని 12 వోల్టుల బ్యాటరీ మాత్రం తగిలించకు, బల్బులు మాడిపోతాయి, ప్లగ్గుకి కరెంటు పెంచి పంపే కాయిల్ కూడా పోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఇంజిన్ పక్కన కవరు తీస్తే పాయింట్లు ఉంటాయి, కరెంటును కలుపుతూ విడదీస్తూ ప్లగ్గులో రవ్వ పుట్టించేవి అవే. అవి ఇన్నేళ్ల తేమకు నల్లబడి ఉంటాయి. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, శుభ్రమైన తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగు. కాగితం మీద మరక పడనంతవరకూ లాగు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

ఇవన్నీ అయ్యాక కొత్త పెట్రోలు పోసి, చోక్ వేసి, పది కిక్కులు కొట్టు. పలకలేదంటే పదకొండోది కొట్టకు. ఆగి ప్లగ్గు విప్పి చూడు. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరడం లేదు, మళ్లీ కాక్ (ట్యాంకు కింద పెట్రోలు కుళాయి) దగ్గర్నుంచి కార్బొరేటర్ దాకా వెతకాలి. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది కానీ అంటుకోవడం లేదు, అంటే కరెంటు వైపు చూడాలి. సగం బాధ ఈ ఒక్క చూపుతో తీరిపోతుంది.

నా భయమంతా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ప్లగ్గు తడిగా ఉందని చూడగానే, కరెంటు వస్తోందో లేదో చూద్దామని ప్రతివాడికీ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, 1984 వేసవిలో.

నువ్వు ట్యాంకు తీసినప్పుడు అడుగున ఎడమవైపు చూడు. అరచేయంత మేర రంగు పొంగి, బొబ్బలెక్కి ఉంటుంది. తుప్పని గీకేవు. అది తుప్పు కాదు. మీ నాన్న కుడి పిక్క మీద మచ్చ ఉంది కదా, సైలెన్సర్ తగిలి కాలిందని నీకు చెప్పాడు. అదీ నిజం కాదమ్మా. ఆ రెండూ ఒకే సాయంత్రం అయ్యాయి, రెండూ నా వల్లే అయ్యాయి.

మర్నాడు పొద్దున నాకు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. తాతగారు ఊళ్లో లేరు. బండి స్టార్ట్ కాలేదు. నాకు ఇరవై ఏళ్లు, మీ నాన్నకు పదమూడు. చోక్ వేసి నలభై యాభై కిక్కులు కొట్టి ఉంటాను. కార్బొరేటర్ పొంగి పెట్రోలు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. చూశాను, పట్టించుకోలేదు. కాక్ కూడా కట్టేయలేదు. చీకటి పడుతోందన్న తొందరలో ప్లగ్గు విప్పి, దాన్ని మళ్లీ వైరు చివరి క్యాప్‌లో పెట్టి, అదే రంధ్రం పక్కన ఇంజిన్ హెడ్ మీద ఆనించి, "తమ్ముడూ, ఒక్క కిక్ కొట్టరా" అన్నాను.

వాడు సంతోషంగా ఎగిరి కొట్టాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ బండి ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

పిస్టన్ పైకి లేవగానే లోపలున్న పెట్రోలంతా ఆవిరిలా రంధ్రంలోంచి బయటికి చిమ్మింది. పక్కనే నిప్పురవ్వ. భుగ్గుమంది. నా కనుబొమలు మాడిన వాసన ఇప్పటికీ గుర్తుంది. మంట కిందికి దిగి నేల మీది పెట్రోలును అందుకుంది. అప్పుడు నేను రెండో తప్పు చేశాను, అది మొదటిదానికంటే పెద్దది. పక్కనున్న బకెట్ ఎత్తి నీళ్లు కుమ్మరించాను. పెట్రోలు నీటి మీద తేలుతుంది బుజ్జీ. మంట ఆరలేదు, నీళ్లతో పాటు పారింది. పారి వెళ్లి నిక్కరులో నిలబడ్డ పిల్లవాడి కాళ్ల దగ్గర ఆగింది. "అన్నయ్యా" అని ఒక్క కేక వేశాడు. మీ నానమ్మ దుప్పటితో పరిగెత్తుకొచ్చి వాణ్ని చుట్టేసింది. ఎవరో గంపెడు ఇసక తెచ్చి బండి మీద పోశారు.

తాతగారు వచ్చి అడిగితే వాడు ఏమన్నాడో తెలుసా? "నేనే చెప్పకుండా కిక్ కొట్టాను నాన్నా" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తర్వాత వాడు ఎవరు అడిగినా సైలెన్సర్ అనే చెబుతూ వచ్చాడు, చివరికి నీకూ అదే చెప్పాడు. వారం తర్వాత మెకానిక్ వచ్చి పావుగంటలో లోపం పట్టుకున్నాడు. పాయింట్ల మీద పల్చటి నూనె పొర చేరిందంతే.

అందుకే చెబుతున్నాను, ఇది మాత్రం నేను చెప్పినట్టే చెయ్. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా రవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది, కంటికి కనబడదు. బండిని షెడ్డులోంచి బయటికి తోసుకురా. కాక్ కట్టెయ్. కారిన పెట్రోలు తుడిచి, ఆ గుడ్డను దూరంగా పడెయ్, పావుగంట ఆగు. ఒక కొత్త ప్లగ్గు కొని పెట్టుకో. పాత ప్లగ్గును రంధ్రంలోనే బిగించి ఉంచు, అప్పుడు లోపలి పెట్రోలు బయటికి చిమ్మదు. కొత్త ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని ఇనప ఒళ్లు ఇంజిన్‌కి గట్టిగా ఆనేలా, కార్బొరేటర్‌కి వీలైనంత దూరంగా పెట్టు. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకో, వేళ్లతో వద్దు, గట్టిగా షాక్ కొడుతుంది. అప్పుడు కిక్ కొట్టాలి. నీలంగా, చిటపటమని రవ్వ వస్తే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, సన్నగా వస్తే బ్యాటరీ, పాయింట్లు, పాయింట్లకి కలిపి ఉండే కండెన్సర్ వరసగా చూడు. ప్లగ్గు గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు పెట్టు.

ఒక బకెట్ ఇసక పక్కన పెట్టుకో, నీళ్లు కాదు. నైలాన్ బట్టలు వద్దు, నూలు ప్యాంటు నిండా వేసుకో, కాళ్లకు బూట్లు. జుట్టు ముడి వేసుకో. ఒంటరిగా చెయ్యకు. చిన్నపిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకు, వాళ్లు ఎంత బతిమాలినా సరే. ఇలా రాస్తుంటే కోప్పడుతున్నట్టు ఉంటుందని తెలుసు. కోపం కాదు తల్లీ, నువ్వు ఆ బండి పక్కన కూర్చుని ఉన్నావని తలుచుకుంటే నా చేతులు వణుకుతున్నాయి.

స్టార్ట్ అయితే తలుపులు మూసిన షెడ్డులో నడపకు, పొగలో ప్రాణం తీసే విషవాయువు ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు. ఒక నిమిషం నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత ఒకసారి తెరిచి చూడు. మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పోతే కారణం అదే.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు. నలభై ఏళ్లు నా తప్పు మోశాడు, ఇక దించేయమని చెప్పు. ట్యాంకు అడుగున బొబ్బలెక్కిన రంగును మాత్రం గీకేయకు, అలాగే ఉంచు.

కిక్ కొట్టే పని వాడికి ఇవ్వు. ఈసారి నువ్వు ప్లేయర్ పట్టుకో.

పది కిక్కుల తర్వాత ప్లగ్గు తడిగా ఉందో పొడిగా ఉందో ఆ పూటే ఫోన్ చేసి చెప్పు. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ పెదనాన్న