పాఠకుల ప్రశ్నలు: లైనక్స్‌లో వైర్‌లెస్ మౌస్, మెకానికల్ కీబోర్డు

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాను. యూఎస్‌బీ రిసీవర్‌తో పనిచేసే వైర్‌లెస్ మౌస్ వాడుతున్నాను. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ పాయింటర్ ఆగి ఆగి కదులుతోంది. కాసేపు ముట్టుకోకుండా వదిలేసినా, తిరిగి కదిపినప్పుడు వెంటనే స్పందించడం లేదు. లైనక్స్‌కు విడిగా డ్రైవర్ వేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అవసరం లేదండీ. యూఎస్‌బీ మౌస్‌లు, కీబోర్డులు హెచ్‌ఐడీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తాయి కనుక, వాటిని నడిపే భాగం లైనక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని కేంద్ర భాగంలోనే ఉంటుంది. మీరు రాసిన రెండు లక్షణాలకూ కారణాలు వేర్వేరు కావచ్చు; అందువల్ల ఒక్కొక్కదాన్నే విడిగా పరీక్షించండి.

కాపీ జరుగుతున్నప్పుడు మాత్రమే వచ్చే తడబాటుకు చాలాసార్లు లైనక్స్‌తో సంబంధమే ఉండదు. మీ మౌస్ రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులో డేటా వేగంగా ప్రవహించేటప్పుడు హార్డ్‌డిస్క్ నుంచి, దాని కేబుల్ నుంచి, పోర్టు నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ పరిధిలోకే వచ్చి పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. పక్క పోర్టులోనే రిసీవర్ ఉంటే, మౌస్ పంపే బలహీనమైన సంకేతం ఆ రొదలో కలిసిపోతుంది. విండోస్ వాడినా ఇదే జరుగుతుంది. రిసీవర్‌ను ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్టుకు, వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చి చూడండి. అంతకంటే మంచి ఉపాయం, ఒక మామూలు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని రిసీవర్‌ను మౌస్‌కు దగ్గరగా, హార్డ్‌డిస్క్‌కు దూరంగా పెట్టుకోవడం. కొత్త మౌస్ కొనడానికి ముందు ఈ చవకైన ప్రయత్నం తప్పకుండా చేయండి.

రెండో లక్షణం మాత్రం కరెంటు పొదుపుకు సంబంధించినది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని పవర్‌టాప్ అనే సాధనంలోని ఆటోట్యూన్‌ను నడిపినవారికి ఈ ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది; ఎందుకంటే అది ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాలన్నిటినీ, మౌస్ రిసీవర్‌తో సహా, నిద్రపుచ్చడానికి అనుమతిస్తుంది. అడ్మిన్ హక్కులతో పవర్‌టాప్ తెరిచి ట్యూనబుల్స్ పేజీకి వెళ్లండి. మీ రిసీవర్ పేరు ఎదురుగా ‘గుడ్’ అని ఉంటే, ఎంటర్ నొక్కి దాన్ని ‘బ్యాడ్’గా మార్చండి. ఆ మంచిచెడ్డలు పొదుపు దృష్టితో అన్నవే కాబట్టి కంగారు పడనక్కరలేదు. అయితే ఈ మార్పు రీస్టార్ట్ చేసేవరకే నిలుస్తుంది. ఆటోట్యూన్ ప్రతిసారీ దానంతటదే నడిచేలా ఏర్పాటు చేసుకొని ఉంటే దాన్ని తీసేసి, టీఎల్‌పీ అనే మరో విద్యుత్ పొదుపు సాధనం వాడటం మేలు. అది మౌస్, కీబోర్డు వంటి పరికరాలను ముందుగానే మినహాయిస్తుంది. ఇంత చేసినా ఆలస్యం పోకపోతే, మౌస్ తన బ్యాటరీ కోసం తానే నిద్రపోతోందని అర్థం. దాన్ని లైనక్స్ సెట్టింగులు మార్చలేవు.

ప్రశ్న: మెకానికల్ కీబోర్డు కొన్నాను. ఎఫ్2 నొక్కితే ఫైలు పేరు మార్చే అవకాశం రావాల్సింది పోయి తెర వెలుతురు మారుతోంది. కీబోర్డు పక్కనున్న స్విచ్‌ను విండోస్ వైపే ఉంచాను.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ప్రతి యూఎస్‌బీ పరికరమూ కంప్యూటర్‌కు తగిలించగానే తయారీదారు సంఖ్యను, మోడల్ సంఖ్యను చెప్పుకుంటుంది. కొన్ని మెకానికల్ కీబోర్డులు, కీక్రాన్ కంపెనీ మోడళ్లలో పలు రకాలతో సహా, ఇక్కడ ఆపిల్ కీబోర్డు సంఖ్యలనే చెబుతాయి. వాటిని నమ్మి కెర్నల్ తన ఆపిల్ డ్రైవర్‌ను రంగంలోకి దించుతుంది. ఆ డ్రైవర్, కీబోర్డులోని పై వరుస కీలను ముందుగా వెలుతురు, శబ్దం వంటి మీడియా కీలుగా భావిస్తుంది. స్విచ్ ఎటువైపు ఉన్నా ఫలితం మారకపోవడానికి కారణం ఇదే.

ఈ డ్రైవర్‌కు ఎఫ్ఎన్‌మోడ్ అనే అమరిక ఉంది. దాని విలువ 1 అయితే మీడియా కీలకు, 2 అయితే ఎఫ్ కీలకు ప్రాధాన్యం దక్కుతుంది. ఈటీసీ ఫోల్డర్‌లోని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో, కాన్ఫ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైలు సృష్టించి, అందులో ‘ఆప్షన్స్’ అనే మాట, డ్రైవర్ పేరు, ‘ఎఫ్ఎన్‌మోడ్ ఈక్వల్స్ 2’ వరుసగా ఒకే పంక్తిలో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో రాయండి. డ్రైవర్ పేరు హెచ్‌ఐడీ, ఆపిల్ అనే రెండు మాటల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆ తరువాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను (కంప్యూటర్ ఆన్ కాగానే కెర్నల్ ముందుగా వాడుకొనే ఫైళ్ల కట్టను) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయాలి. చాలామంది ఈ మెట్టు మరచి, పని జరగలేదని వాపోతుంటారు. 2తో కుదరకపోతే 0 ఇచ్చి చూడండి. కొత్త కెర్నల్‌లలో కీబోర్డు నిజంగా ఆపిల్‌దా కాదా అని తానే తేల్చుకొనే పద్ధతి వచ్చింది కనుక, ముందుగా సిస్టమ్ అప్‌డేట్ చేస్తే ఈ శ్రమంతా తప్పవచ్చు.

ప్రశ్న: కీల పనులను మార్చుకొనే వయా సాఫ్ట్‌వేర్‌తో నా కీబోర్డు కీలకు నేరుగా తెలుగు అక్షరాలను కేటాయించవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కీబోర్డు సాధారణంగా అక్షరాన్ని పంపదు, ఏ కీ నొక్కారో తెలిపే సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. అది ‘క’ కావాలా, ఇంగ్లిష్ ‘కె’ కావాలా అన్నది లైనక్స్‌లో ఎంచుకున్న లేఅవుట్ నిర్ణయిస్తుంది. అందువల్ల సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో తెలుగును చేర్చుకోండి. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీల అమరిక అలవాటైతే ‘కె’ కీ మీద క, ‘జె’ మీద ర, ‘హెచ్’ మీద ప, ‘డి’ మీద పొల్లు వస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగుతో టైప్ చేసే అలవాటు ఉంటే, లైనక్స్‌లో టైపింగ్ పద్ధతులను నడిపే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీని జోడించి, అందులోని ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకోవచ్చు. వయా ఉపయోగం మరోచోట ఉంది: ఉబుంటు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో భాష మార్చే సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కీల జంటను మీరు వాడని ఏదో ఒక కీకి కేటాయించుకుంటే తెలుగు, ఇంగ్లిష్ కలిపి రాసేవారికి చెయ్యి ఎంతో తేలికపడుతుంది. ఆ మార్పు కీబోర్డు మెమరీలోనే నిలిచిపోతుంది కనుక ఇంకో కంప్యూటర్‌కు తగిలించినా పనిచేస్తుంది. వయాను క్రోమ్ లేదా క్రోమియం బ్రౌజర్‌లో తెరవండి; అక్కడ కీబోర్డు కనిపించకపోతే మామూలు యూజర్‌కు ఆ పరికరాన్ని తెరిచే అనుమతి లేదన్నమాట. పరికరాల అనుమతులను చూసుకొనే యూడెవ్ అనే లైనక్స్ భాగానికి నియమం ఒకటి రాసి ఆ అనుమతి ఇవ్వాలి.