పొద్దుటెండలో కూర్చోబెడితే వైరల్ జ్వరం ముదరకుండా ఉంటుందా?

జలుబు చేసినప్పుడల్లా మీ నాన్నగారికి అది ఛాతీలోకి దిగుతోందని, రోజూ పొద్దుటెండలో కూర్చోబెడితే తీవ్రత తగ్గుతుందా అని అడిగారు. కూర్చోబెట్టండి. కానీ దాన్నే నమ్ముకోకండి. నేను నమ్ముకుని చాలా బాధపడ్డాను.

2021 మేలో, తిరుపతిలో, మా అమ్మకు కోవిడ్ వచ్చింది. రోజూ ఏడింటికి మిద్దెపైకి తీసుకెళ్లి లేత ఎండలో అరగంట కూర్చోబెట్టేదాన్ని. "ఒళ్లు తేలిగ్గా ఉంది పాపా" అనేది. ఆ మాట విని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా రెండు రోజులు ఆగిపోయాను. మూడో రోజు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటర్ 89 చూపించింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఆ రెండు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కోలుకున్నాక పరీక్ష చేయిస్తే విటమిన్ డి 9 ఉంది. 20 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. ఇంత ఎండ కాసే ఊళ్లో ఇదేంటి అనుకున్నాను. కానీ మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 2007లోనే రాశారు: పరీక్షించిన పల్లె ఆడవాళ్లలో 70 శాతం, టౌన్ ఆడవాళ్లలో 75 శాతం మందికి ఈ లోపం ఉందని. చర్మంలో ఈ విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 మధ్య అని కూడా ఇక్కడే చేసిన పరిశీలనలో తేలింది. అంటే మా అమ్మకు నేను చూపించిన ఏడింటి ఎండలో హాయి ఉందే గానీ విటమిన్ దాదాపు లేదు. కిటికీ అద్దం వెనక కూర్చున్నా అంతే, విటమిన్ తయారుచేసే కిరణాలు అద్దం దాటి రావు. చలికాలంలో పదకొండు దాటాక కాసేపు కూర్చోబెట్టొచ్చు. మన మే నెల ఎండలో మాత్రం పెద్దవాళ్లను ఆ వేళకు కూర్చోబెట్టకండి, వడదెబ్బ తగులుతుంది.

విటమిన్ డి వేసుకుంటే శ్వాస జబ్బులు తగ్గుతాయా అని 25 పరిశోధనలను కలిపి 2017లో చూశారు. రోజూ లేదా వారానికోసారి వేసుకున్నవాళ్లకు, అందులోనూ లోపం బాగా ఎక్కువున్నవాళ్లకు, కొంత రక్షణ కనిపించింది. జబ్బు ముదిరాక ఇస్తే మాత్రం అలా లేదు. బ్రెజిల్‌లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చినా ఇంటికెళ్లే రోజు ముందుకు జరగలేదు.

అందుకే ఇప్పుడు, ఆయన బాగున్నప్పుడే, ఒకసారి విటమిన్ డి పరీక్ష చేయించండి. 60,000 యూనిట్ల మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేయకండి, మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ఏటా ఫ్లూ టీకా వేయించండి. జ్వరమొస్తే ఆక్సిమీటర్ దగ్గర పెట్టుకోండి. 94 కంటే దిగిందంటే, "నాకు బాగానే ఉంది" అని ఆయన ఎంత చెప్పినా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.