మాత్రలు మానేసి మిగిల్చిందెంత, అప్పు అయిందెంత?

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగిని. నాలుగేళ్ల కిందట షుగర్ బయటపడింది. బాగానే ఉన్నాను కదా అని ఏడాదిగా మాత్రలు, పరీక్షలు మానేశాను. రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తాను. ఈమధ్య కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేరాను. ఐదు వారాలు పనికి వెళ్లలేదు, మూడు వారాల జీతం కోత పడింది. ఆఫీసు బీమా పోను మిగిలిన బిల్లు క్రెడిట్ కార్డుతో కట్టాను. మినిమమ్ డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) కడుతున్నా బాకీ తరగడం లేదు. 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దాన్ని షేర్లలో పెట్టి, లాభంతో కార్డు బాకీ తీర్చాలని ఉంది. ఏ షేర్లు కొనమంటారు?

జవాబు: ఏవీ కొనొద్దు. కార్డు వడ్డీ నెలకు 3 శాతమైతే చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం దాటుతుంది. మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం అనుకుంటే, మీరు కట్టే ప్రతి 5 రూపాయల్లో 3 వడ్డీకే పోతాయి. ఈ వడ్డీని ఏటా దాటుతుందని హామీ ఇవ్వగల షేరు లేదు. షేరు పడిపోయినా ఈఎంఐ ఆగదు. అప్పు తెచ్చి అప్పు తీర్చేందుకు జూదమాడతానంటే నేను ఒప్పుకోను. ఆ లోన్ తీసుకుంటే ప్రతి పైసా నేరుగా కార్డు బాకీకే వెళ్లాలి, కార్డు మళ్లీ వాడకూడదు.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. చేతిలో డబ్బు ఆడనప్పుడు చాలామంది మొదట కోత పెట్టేది మందులకు, పరీక్షలకే. ఈఎంఐ తప్పితే ఫోన్ వస్తుంది. మాత్ర తప్పితే ఎవరూ ఫోన్ చేయరు. షుగర్ పెరిగినా చాలాకాలం నొప్పి ఉండదు. పాదాల నరాలు మొద్దుబారితే దెబ్బ తగిలినా తెలియదు, చూసుకునేసరికి పుండు ముదిరిపోతుంది. ఆ ఖర్చు నెలనెలా కొంచెం కొంచెంగా రాదు. మొత్తం ఒకేసారి, అదీ జీతం ఆగిన నెలలోనే వచ్చిపడుతుంది.

అందుకే అత్యవసర నిధి. మీ ఉత్తరంలో ఆ మాటే కనిపించలేదు. బీమా ఆసుపత్రి బిల్లు చూస్తుంది, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, కోత పడిన జీతం చూడదు. మామూలుగా ఆరు నెలల ఖర్చు దాచమంటాను. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు తొమ్మిది నెలలు. ముందు ఒక నెల ఖర్చు విడిగా పొదుపు ఖాతాలో వేయండి. తర్వాత కార్డు బాకీ, లోన్ తీసుకుంటే అదీ తీర్చేయండి. అది తీరిన మర్నెల నుంచి అదే వాయిదా నిధికి కట్టుకోండి. సిగరెట్లు మానండి, ఆ డబ్బూ ఇందులోకే రావాలి. మానిన ఏడాదికి, కాల్చేవాళ్లతో పోలిస్తే గుండెజబ్బు ముప్పు దాదాపు సగమవుతుంది. మందులు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), ఏటా కళ్లు, కిడ్నీల పరీక్షలు: వీటిని బడ్జెట్‌లో అద్దె పక్కనే రాయండి. వాటికి ఏ నెలా కోత ఉండకూడదు.

ఆఫీసు బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీకి ఇప్పుడే దరఖాస్తు చేయండి. ప్రీమియం ఎక్కువైనా సరే, షుగర్, సిగరెట్ల సంగతి దాచొద్దు. దాచితే అవసరమైన రోజున క్లెయిమ్ తిరస్కరించవచ్చు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా ఉండాలి. షేర్లు, ఫండ్లు నిధి నిండాకే.

పుండు పూర్తిగా మానిందో లేదో మీరు రాయలేదు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టారో లేదో కూడా రాయలేదు. ఈ వారమే డాక్టర్‌కు చూపించుకోండి. లోన్ కాగితాల మీద సంతకం ఆ తర్వాతే.