స్లైసర్‌లో (3డీ ప్రింటర్ కోసం మోడల్‌ని పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) మోడల్ పడుకుని వస్తోంది, వ్యూ మార్చినా ఫలితం లేదు. సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఎలా సరిచేయాలి?

టాప్, ఫ్రంట్ వ్యూలు మార్చి చూశానన్నారు. తిరకాసు అక్కడే ఉంది. వ్యూ మారిస్తే తిరిగేది మనం చూసే దిక్కు, మోడల్ కాదు. స్పేస్‌బార్ నొక్కి అప్‌డేట్ స్టాండర్డ్ వ్యూస్ వాడినా మారేది ఏ వైపును ఏ పేరుతో పిలవాలన్నది మాత్రమే. ఫ్యూజన్ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, మూలన దిక్కులు చూపే వ్యూక్యూబ్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త ఫ్రంట్ పెట్టుకున్నా ఇదే కథ. ఫైల్లోకి వెళ్లే ఎక్స్, వై, జెడ్ అంకెలు చెక్కుచెదరవు.

సాలిడ్‌వర్క్స్ మామూలు టెంప్లేట్‌లో ఫ్రంట్ ప్లేన్ ఎక్స్‌వై, కాబట్టి నిలువు వై. స్లైసర్‌కు బెడ్ (ప్రింటర్‌లో ముక్క నిలిచే పలక) ఎక్స్‌వై, నిలువు జెడ్. ఈ రెంటి మధ్య మోడల్‌ని మోసుకెళ్లే ఎస్‌టీఎల్ ఫైల్లో త్రిభుజాల లెక్కలే తప్ప పైవైపు ఏదో, అంకెలు మిల్లీమీటర్లో అంగుళాలో రాసి ఉండదు. అందుకే మీరు నిలబెట్టిన మోడల్ అక్కడ వెల్లకిలా పడుతోంది.

సరిచేసే ముందు మీ దగ్గర ఏం జరుగుతోందో అంకెల్లో చూడండి, కంటిని నమ్మొద్దు. ఎక్స్‌లో 10, వైలో 20, జెడ్‌లో 30 మి.మీ. ఉండే దిమ్మె ఒకటి గీయండి. పై ముఖం (వై వైపుది) మీద, ఒక మూలకు దగ్గరగా, ఎఫ్ అక్షరం చెక్కండి. ఎస్‌టీఎల్ చేసి స్లైసర్‌లో తెరవండి. కొలతలు 10, 20, 30 అనే వస్తే అంకెలు ఉన్నవున్నట్టు వెళ్తున్నాయన్నమాట. సరిచేశాక 10, 30, 20 రావాలి. అయితే తలకిందులైనా కొలతలు ఇవే వస్తాయి, అద్దంలో బొమ్మలా తిరగబడినా ఇవే. అక్షరం అందుకే. అది బెడ్ వైపుకు పోతే తలకిందులు, ఎడమ కుడి మారితే అద్దం బొమ్మ. ఇక కొలతలు 25.4 రెట్లు తేడాగా కనిపిస్తే అక్షాల గొడవ కాదు, అంగుళాల గొడవ.

నేనైతే మోడల్‌ని కదపను, ఎక్స్‌పోర్ట్ దగ్గరే సరిచేస్తాను. ఇన్సర్ట్‌లో రిఫరెన్స్ జామెట్రీ, అందులో కోఆర్డినేట్ సిస్టమ్ తెరవండి. ఆరిజిన్‌కు (అక్షాలన్నీ కలిసే సున్నా బిందువు) కింది మూల బిందువు, జెడ్‌కు నిలువు అంచు, ఎక్స్‌కు అడ్డం అంచు ఎంచుకోండి. వై తనంతట తానే వస్తుంది. జెడ్ బాణం కిందికి చూస్తుంటే పక్కనున్న రివర్స్ బటన్ నొక్కండి. దానికి గుర్తుండే పేరు పెట్టండి, కోఆర్డినేట్ సిస్టమ్1 అని వదిలేస్తే నెల తర్వాత అదెందుకో మీకే తెలియదు. ఆపైన సేవ్ యాజ్‌లో ఎస్‌టీఎల్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో అవుట్‌పుట్ కోఆర్డినేట్ సిస్టమ్ దగ్గర డీఫాల్ట్ తీసేసి దీన్ని పెట్టండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ల మధ్య మోడల్ పంపుకునే స్టెప్ ఫైలుకూ ఇదే సదుపాయం ఉంది. అసెంబ్లీలోని ముక్కలు స్లైసర్‌లోనూ అవే స్థానాల్లో ఉండాలంటే, పాజిటివ్ స్పేస్‌కి జరపొద్దు అనే గడికి టిక్ పెట్టండి, లేదంటే ఆరిజిన్ జారిపోతుంది.

మోడల్‌నే తిప్పక తప్పదంటే ఎక్స్ అక్షం చుట్టూ +90 డిగ్రీలు. పాత (ఎక్స్, వై, జెడ్) అప్పుడు (ఎక్స్, –జెడ్, వై) అవుతుంది. ఆ మైనస్ గుర్తు ముఖ్యం. –90 తిప్పితే తలకిందులవుతుంది. ఇంకా ప్రమాదం, స్క్రిప్టులో వై, జెడ్ నిలువు వరుసలు రెండూ ఊరికే అటూ ఇటూ మార్చేయడం: అది తిప్పడం కాదు, అద్దం బొమ్మ చేయడం. కుడి మర ఎడమ మర అవుతుంది, కొలతల్లో తేడా కనపడదు, నట్టు ఎక్కించేటప్పుడే బయటపడుతుంది. తిప్పే కేంద్రం ఆరిజిన్ అయ్యేలా కూడా చూసుకోండి. ముక్క మధ్యబిందువు చుట్టూ తిప్పితే దిశ సరిపోయినా స్థానం మారుతుంది.

ఫ్యూజన్‌లో ప్రిఫరెన్సెస్, జనరల్ కింద, జెడ్‌ను నిలువుగా పెట్టుకునే డీఫాల్ట్ మోడలింగ్ ఓరియంటేషన్ ఉంటుంది. కానీ అది కొత్త డిజైన్లకే, పాతవాటిని మూవ్‌తో తిప్పుకోవాలి. ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నిలువు ముందే జెడ్. తేడా వస్తే బాడీ ప్లేస్‌మెంట్‌లో అక్షం 1, 0, 0, కోణం 90 ఇస్తే సరి.

స్లైసర్‌లోనే ముఖం ఎంచుకుని పడుకోబెట్టొచ్చు కదా అంటే, ఒకే ఒక్క ప్రింట్‌కు తప్పులేదు. డిజైన్ మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ ఆ పని మళ్లీ చేయాలి, ఏదో ఒకసారి మర్చిపోతారు. మిల్లింగ్‌కు (మెషీన్ మీద దిమ్మెను కోసి ముక్క చేయడానికి) పంపేదైతే మాత్రం మోడల్ జోలికి అసలు వెళ్లొద్దు. క్యామ్ (ఆ మెషీన్‌కు కోత దారి తయారుచేసే సాఫ్ట్‌వేర్) సెటప్‌లో టూల్ వచ్చే వైపుకు జెడ్ పెట్టి, స్టాక్ (కోయబోయే ముడి దిమ్మె) మూల ఒకటి జీరోగా ఎంచుకుంటే చాలు. రెండోవైపు కోత ఉంటే దానికి వేరే సెటప్ పెట్టుకోండి.