జెట్టీ మీద లైట్లు వెలిగించే ముందు

కళింగపట్నం

బాబూ,

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. తాటిపూడిలో పడవ షికారు చూసొచ్చాక నీకూ ఆ ఆలోచన పట్టుకుందట. మీ ఊరి చెరువులో రెండు బ్యాటరీ పడవలు దింపావట, డ్రమ్ముల మీద తేలే జెట్టీ కట్టించావట, కార్తీకమాసం వచ్చేలోగా దాని పొడవునా లైట్లు పెట్టిస్తున్నావట. సంతోషమే. వైరింగ్ ఎవరు చేస్తున్నారని అడిగాను. "పెళ్లిపందిళ్లకి సీరియల్ సెట్లు కట్టే గుంటడే అన్నయ్యా, చవగ్గా చేస్తానన్నాడు" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి విను. ఇరవై ఏళ్ల కిందట ఒక ఊళ్లో కోనేటి తెప్పోత్సవానికి వెళ్లాను. ఊరి పేరు ఎందుకులే. తెప్ప నిండా లైట్లు, గట్టు మీది బోర్డు నుంచి నీళ్లలోంచి లాగిన వైరు. తెప్పని నెట్టడానికి గుండెల్లోతు నీళ్లలో దిగిన కుర్రాడొకడు ఉన్నట్టుండి "కాళ్లు రావట్లేదు" అన్నాడు. తిమ్మిరెక్కిందని అందరం నవ్వాం. వాడి గడ్డం నీళ్లకి తగిలేసరికి ఇంకొకడు దూకాడు. రెండు బారలు వేశాడో లేదో, వాడూ కొయ్యబారిపోయాడు. అదే సమయంలో మైకు గుర్రుమంటోందని విసుక్కుని మైకుసెట్టు అతను మెయిన్ దించేశాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. దేవుడి మహిమ అన్నారు. పొద్దున్నే వెళ్లి వైరు లాగి చూశాను. మధ్యలో ఒక జాయింటు, దానికి నాలుగు చుట్లు నల్లటేపు, టేపు లోపలంతా నీళ్లు. అంతసేపూ బోర్డులో ఎం.సి.బి. (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్చి) నిక్షేపంగా ఉంది, పడలేదు.

ఎందుకు పడలేదో నీకు అర్థమైతే మిగిలినదంతా నీకే తడుతుంది. ఎం.సి.బి. ఉన్నది వైరు కాలిపోకుండా చూడడానికి, మనిషి కోసం కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటితేగాని దానికి చలనం రాదు. మనిషికి 1 మిల్లీ ఆంపియర్ దగ్గరే జివ్వుమంటుంది. 10, 15 వచ్చేసరికి కండరాలు బిగుసుకుపోతాయి, చెయ్యి చాచలేడు, కాలు కదపలేడు. 100 దగ్గర గుండె లయ తప్పుతుంది. మీ వరండాలో వెలిగే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు లాగేదే సుమారు 40. గట్టు మీద వాడికి 15 మిల్లీ ఆంపియర్లు తగిలితే చెయ్యి పట్టుకుపోతుంది, పక్కవాడు మెయిన్ దించితే బతుకుతాడు. నీళ్లలో వాడికి అంత వ్యవధి ఉండదు, మునిగిపోతాడు. ఒంటి మీద కాలిన మచ్చ కూడా ఉండదు. ఈత రాక పోయాడంటారు, అంతే.

ఈతొచ్చినవాడికీ, లైఫ్ జాకెట్ వేసుకున్నవాడికీ మినహాయింపేమీ లేదు. 1999లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఎనిమిదేళ్ల పిల్లాడు పడవల రేవు దగ్గర లైఫ్ జాకెట్‌తో ఈదుతూనే చనిపోయాడు. దగ్గర్లోని పడవ నుంచి కరెంటు నీళ్లలోకి దిగుతోందని తర్వాత బయటపడింది. ఆ దేశంలో ఈ ప్రమాదానికి విడిగా ఒక పేరే ఉంది. మన దగ్గర పేరు లేదు కాబట్టి ప్రమాదమే లేదనుకుంటాం.

ఇక్కడ మా కళింగపట్నం వాళ్లకి చెబితే నమ్మరు. "మా తాతల కాలం నుంచి పడవల మీద బతుకుతున్నాం, ఏటవుద్ది?" అంటారు. వాళ్లు చూసింది సముద్రం. ఉప్పునీరు మనిషి ఒంటి కంటే సులువుగా కరెంటుని మోస్తుంది, అందుకని కరెంటు చాలావరకు మనిషి చుట్టూ నీళ్లలోంచే పోతుంది. చెరువు నీళ్లు అలా కాదు. మంచినీళ్లు కరెంటుని అంతంతమాత్రంగానే మోస్తాయి. మన రక్తంలో ఉప్పుంది కాబట్టి మంచినీళ్లలో మనిషే దానికి దగ్గరి దారి. అడుగు దూరానికి రెండు వోల్టుల తేడా ఉంటే చాలు, మంచినీళ్లలో ప్రాణం మీదికి వస్తుందంటారు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర కూడా వరద రోజుల్లో పైనీళ్లు చప్పబడిపోతాయి, అప్పుడు అదీ చెరువు లెక్కే. సముద్రంలో ఏమీ కాదని నేననడం లేదు. నీ చెరువు దానికంటే చెడ్డదంటున్నాను.

కాబట్టి మొదటి ఖర్చు ఆర్.సి.సి.బి. మీద పెట్టు, 30 మిల్లీ ఆంపియర్లది, ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొను. అదెలా పనిచేస్తుందో నీ భాషలో చెబుతాను. పడవ ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ నీ కుర్రాడు లెక్కపెడతాడు కదా, ఒక్కడు తగ్గినా కేక వేస్తాడు. ఇదీ అంతే. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా చూస్తుంది. తగ్గిందంటే ఎక్కడో నీళ్లలోకో మట్టిలోకో పోతోందని రెప్పపాటులో కట్ చేస్తుంది. ఎం.సి.బి. కూడా ఉండాల్సిందే, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకు.

బోర్డు మొత్తానికీ ఒకే ఒక్క ఆర్.సి.సి.బి. పెట్టి ఊరుకోకు. జెట్టీ లైట్లకి ఒకటి, పడవల ఛార్జింగ్‌కి ఒకటి, టీ దుకాణానికి ఒకటి. ఖర్చెక్కువని నువ్వు గొణుగుతావు. ఒక్కటే ఉంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. వాన పడిన రాత్రి దుకాణం ఫ్రిజ్ వల్ల అది పడిపోతుంది, జెట్టీ అంతా చీకటవుతుంది, జనం గోల చేస్తారు, నీ గుంటడు "ఇదో పెద్ద న్యూసెన్స్ అన్నా" అని రెండు వైర్లూ డైరెక్టుగా కలిపేస్తాడు. మళ్లీ ఎవడూ విప్పడు. ఇంకొకటి, దేని న్యూట్రల్ దానికే విడిగా రావాలి. రెండింటి న్యూట్రల్ ఒకే చోట ముడేస్తే ఊరికే పడుతూ ఉంటాయి, నింద మాత్రం పరికరం మీదికి పోతుంది. ఈ ఒక్క తప్పు వల్ల పీకి పారేసిన మంచి ఆర్.సి.సి.బి.లు నేను ఎన్ని చూశానో!

నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కు. పండగలు, తీర్థాలు ఉంటే ఆ పొద్దున్న కూడా నొక్కు. పడకపోతే ఆ రోజు లైట్లు లేవు, అంతే.

ఎర్త్ సంగతి. మన పల్లెల్లో ఒక పాడు అలవాటుంది. ఎర్త్ గుంట తవ్వడానికి బద్ధకించి ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కే కలిపేస్తారు. టెస్టర్ పెడితే బాగానే కనిపిస్తుంది. ఏదో ఒక గాలివానకి న్యూట్రల్ వైరు తెగిందనుకో, అప్పుడు లైటు స్తంభం, రెయిలింగ్, నిచ్చెన అన్నింటి మీదా 230 వోల్టులు కూర్చుంటాయి. ఇనుప నిచ్చెన పట్టుకుని నీళ్లలోంచి పైకి వచ్చేవాడు ఏమవుతాడో ఆలోచించు. గుంట తవ్వించు, ఎర్త్ వైరు విడిగా లాగించు, జెట్టీ మీద ఇనుమన్నది ఎక్కడున్నా దానికి కలిపించు. నిచ్చెన మాత్రం కొయ్యది చేయించు.

అసలు జెట్టీ మీదికి 230 వోల్టులు ఎందుకురా? బోర్డూ, ట్రాన్స్‌ఫార్మరూ గట్టు మీదే ఉంచి 12 వోల్టుల లైట్లు పెట్టుకో. కాస్త కాంతి తగ్గుతుంది. ఫోటోలకి వచ్చేవాళ్లకి ఆ మసక వెలుతురే నచ్చుతుంది కూడా. నన్నడిగితే ఈ ఉత్తరం మొత్తంలో ఇదే మంచి సలహా, కానీ ఇదే నువ్వు వినవని నాకు తెలుసు.

వినకపోతే వైరు దగ్గరైనా జాగ్రత్త. తేలే జెట్టీ నీటిమట్టంతో పాటు లేస్తుంది, దిగుతుంది. అది గట్టుని కలిసే మడత దగ్గరే వైరు ఒరుసుకుని తొక్క లేచిపోతుంది. అక్కడ వదులుగా ఉంచి, మెత్తని గొట్టంలోంచి లాగించు. నీళ్లలో గానీ నీటి పైన గానీ జాయింటు ఉండకూడదు, ఒక్కటి కూడా. ప్లగ్గులు చెరువు నిండినప్పటి మట్టానికి బాగా పైన ఉండాలి. ఎలుకలుంటాయి, నెలకొకసారి చేత్తో తడిమి చూడు, మెయిన్ దించాకే సుమా.

పడవలు ఛార్జింగ్ పెట్టేది రాత్రిపూటే, నీళ్లలో ఎవరూ లేనప్పుడు. పెట్టేటప్పుడు స్విచ్చి ఆపి ముందు పడవ వైపు తగిలించు, తర్వాత గట్టు వైపు. తీసేటప్పుడు ముందు గట్టు వైపు. తిరగేసి చేస్తే కరెంటున్న కొస నీ చేతిలో ఉంటుంది, జారితే చెరువులో ఉంటుంది.

ఇన్ని చేశాక కూడా జెట్టీ దగ్గర ఎవర్నీ ఈతకి దిగనివ్వకు. ఆర్.సి.సి.బి. పడేది 30 దగ్గర, మనిషి బిగుసుకుపోయేది 15 దగ్గర అని పైన చెప్పాను, ఆ మధ్య సందు గుర్తుంచుకో. పైగా చెరువులోకి కరెంటు నీ జెట్టీ నుంచే రావాలని లేదు. గట్టు మీద రైతుల మోటార్లు ఎన్నున్నాయో, ఎన్నింటికి ఎర్త్ ఉందో లెక్క చూశావా? నా లెక్కలో జెట్టీ చుట్టూ 50 మీటర్లు వదిలేయాలి. పిల్లలు ముందు పరిగెత్తేది అక్కడికే, జెట్టీ మీంచి దూకడానికి. బోర్డు రాసిపెడితే చాలదు, తాడు కట్టించు.

అయినా ఎవడైనా దిగి ఒళ్లు జివ్వుమంటోందని అరిచాడనుకో. నిచ్చెన వైపు రావద్దని, వచ్చిన దారినే దూరంగా వెనక్కి పొమ్మని చెప్పాలి. మెయిన్ దించాలి. ఎవరూ దూకకూడదు, వాడి అన్న అయినా సరే, నువ్వయినా సరే. ఎండు వెదురు గడో, తాడు కట్టిన టైరు ట్యూబో జెట్టీ మీద ఎప్పుడూ ఉండాలి, దాన్ని అందించి లాగాలి. మెయిన్ స్విచ్చికి ఎర్ర రంగు వేయించి, తాళం లేని చోట, ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి తెగేది పెట్టించు. అది ఎక్కడుందో టీ దుకాణం అత్తకి కూడా తెలియాలి. నువ్వు పడవలో ఉంటే గట్టు మీద ఉండేది ఆవిడే కదా.

పైకి లాగాక ఊపిరి లేకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించాలని చూడొద్దు, తలకిందులుగా తిప్పొద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. నీ దగ్గర పనిచేసే ఇద్దరికీ పి.హెచ్.సి.లో అడిగి ఇది నేర్పించు.

మన విజయనగరం పెద్దచెరువులో పైడితల్లమ్మ తెప్పోత్సవం చూస్తూ పెరిగినవాడివి. నీళ్ల మీద దీపాలు ఎంత బాగుంటాయో నీకు చెప్పక్కర్లేదు. వద్దనడం లేదు.

వచ్చే ఆదివారం బయల్దేరి వస్తున్నాను, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరికి బండి పంపించు. నా దగ్గర వైరుని నోటితో కరిచిపట్టుకుని మిల్లీ ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటర్ ఉంది. ఫేజూ న్యూట్రలూ రెండూ కలిపి దాని నోట్లో పెట్టి అన్ని లైట్లూ వేస్తే సున్నా చూపించాలి. లీకేజీ చూపిస్తే ఎక్కడో పోతోందన్నట్టే, ఒక్కో లైనూ ఆపుకుంటూ పట్టుకుందాం. అందాకా జెట్టీ లైన్ ఫ్యూజు పీకి నీ జేబులో పెట్టుకో. ఆ గుంటడిని కూడా ఉండమను, తిట్టను. వాడు వాడిన నల్లటేపు చుట్ట మాత్రం నాకు చూపించాలి.

మీ మావయ్య